ఎడమ సీటు

పోయినవారం మీరు నన్ను కొండ మీది సత్రంలో, కాఫీ కప్పు ముందు, మూడు వేళ్లు గాల్లో పెట్టుకుని కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే వదిలేసి వెళ్లారు. ఆ కాఫీ చల్లారిపోయింది. వేళ్లు మాత్రం నేనింకా దించలేదు.

ఇవాళే చదవడం మొదలుపెట్టినవాళ్లకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. నా పేరు మ్యూరియెల్. మా ఆయన లెనార్డ్ ష్రూస్‌బరీలో మగపిల్లల బడిలో ముప్పై ఒక్క ఏళ్లు భూగోళం చెప్పి, ఈ పంతొమ్మిదివందల అరవై ఆరు వేసవిలో రిటైరయ్యాడు. మర్నాడే పాత స్పోర్ట్స్ కారు ఒకటి ఇంటి ముందు ప్రత్యక్షమైంది. ఆకుపచ్చ రంగు, ఇద్దరికే చోటు, గుడ్డ టాపు. దాన్ని మేం మిడత అంటాం. ఆ మిడతలో ఏడు వారాలు యూరప్ అంతా అడ్డంగా దాటి అడ్రియాటిక్ సముద్రం దాకా వెళ్లాలని లెన్ కోరిక. అన్నిటికంటే ముందు ఈ కనుమ దిగితే వచ్చే సరస్సు చూడాలి. ముప్పై ఒక్క ఏళ్లు ఏటేటా నల్లబల్ల మీద నీలం సుద్దతో ఆ సరస్సు గీశాడు. ఒక్కసారీ కళ్లతో చూడలేదు.

ఇక నా ఉద్యోగం. మా ఇంగ్లండ్ బండికి స్టీరింగు కుడివైపు ఉంటుంది. ఇక్కడ జనం రోడ్డుకి కుడివైపునే నడుపుతారు. ముందు లారీ ఒకటి పోతుంటే దాని అవతల ఏమొస్తోందో నడిపేవాడికి కనపడదు. ఎడమ సీట్లో ఉన్న మనిషికే కనపడుతుంది. ఆ మనిషి తల బయటపెట్టి చూసి 'వెళ్లు' అనాలి, లేదంటే 'ఉండు' అనాలి. మా దేశం నుంచి ఇటు కారేసుకొచ్చే ప్రతి జంటకీ ఈ తంతు తప్పదు. దీని మూలంగా విడాకులదాకా వెళ్లినవాళ్లున్నారని మా పక్కింటావిడ బయల్దేరేటప్పుడే చెప్పి పంపింది. ఇంకో తమాషా ఏమిటంటే, ప్రతి సరిహద్దు దగ్గరా పోలీసులు నేరుగా నా కిటికీ దగ్గరికే వచ్చి లైసెన్సు అడుగుతారు. ఎడమవైపు కూర్చున్నది నేను కదా. నేను బొటనవేలితో మా ఆయన్ని చూపిస్తాను. వాళ్లు నవ్వుతారు, మేమూ నవ్వుతాం.

నాకు డ్రైవింగ్ రాదు. పెళ్లయిన కొత్తలో మూడు ఆదివారాలు నేర్పాడు. మూడో ఆదివారం క్లచ్ మీంచి కాలు తీసేసి చర్చి ఫాదరుగారి ప్రహరీగోడకు గుద్దాను. లెన్ ఒక్క మాట అనలేదు, నిట్టూర్చాడంతే. తిట్టినా నేర్చుకునేదాన్నేమో. ఆ నిట్టూర్పుకి మళ్లీ ఆ సీట్లో కూర్చోలేదు.

ఆ ఉదయం కనుమ ఎక్కుతుంటే ఎడమవైపు పొలం దారిలోంచి సైకిలు మనిషి ఒకడు బాణంలా దూసుకొచ్చాడు. నా మోచేతికి అతని చొక్కా తగిలింది. నేను కెవ్వుమన్నాను. లెన్ బ్రేకు వెయ్యలేదు, స్టీరింగు తిప్పలేదు, వేస్తున్న ఈల కూడా ఆపలేదు. "ఏమైంది, కందిరీగా?" అని అడిగాడు. అతనికి ఆ మనిషి కనపడనే లేదు. అందుకే సత్రంలో కాఫీ తాగుతూ, అతని చెవి పక్కగా నా మూడు వేళ్లు ఎత్తి పెట్టాను. ఈగ వాలితే ఎవరైనా కళ్లు తిప్పుతారే, ఆమాత్రం కూడా తిప్పలేదు.

"లెన్, నా వేళ్లు ఎన్ని?" అన్నాను.

అతను కప్పు కింద పెట్టాడు. పెట్టేముందు చూపుడు వేలితో సాసరు అంచు తడుముకున్నాడు. రెండేళ్లుగా చూస్తున్నాను ఆ తడుముకోవడం. పెద్దవాడవుతున్నకొద్దీ నాజూకు పెరిగిందనుకున్నాను.

"ఎక్కడున్నాయి?" అన్నాడు.

నాకు ఇంకేమీ అడగాల్సిన అవసరం లేకపోయింది. అయినా అడిగాను. అతను చెప్పాడు. క్లాసులో పాఠం చెప్పినంత నిదానంగా, నా మొహంకేసే చూస్తూ చెప్పాడు. ఫిబ్రవరిలో టీచర్ల సమావేశమని బర్మింగ్‌హామ్ వెళ్లాడే, అది కంటి డాక్టరు దగ్గరికట. చూపు అంచుల నుంచి పోతూ వస్తోందట. మధ్యలో మాత్రం మిగిలిందట, చెయ్యి చాచిన దూరంలో సాసరంత. ఆ సాసరులో పడ్డదంతా స్పష్టంగా కనపడుతుంది, మ్యాపులో చిన్నచిన్న అక్షరాలతో సహా. సాసరు అవతల ఏమీ ఉండదు. చీకటి పడితే ఆ సాసరూ ఉండదు. ఇది బాగయ్యేది కాదని, ఏడాదో రెండేళ్లో అదీ మూసుకుపోతుందని, బండి మాత్రం ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడట. లెన్ అక్కడి నుంచి నేరుగా వెళ్లి మిడతని కొని, రిటైరయ్యేదాకా నాకు తెలియకుండా ఎక్కడో దాచి ఉంచాడు.

నేను బల్ల మీది గుడ్డ అంచు పట్టుకుని కూర్చున్నాను. ఇంటి నుంచి బయల్దేరాక గడిచిన పదకొండు రోజులూ ఒక్కొక్కటే వెనక్కి వచ్చి మీద పడ్డాయి. పొద్దుగూకకముందే ఏదో ఒక ఊళ్లో దిగిపోదామనేవాడు, సెలవంటే తీరిగ్గా భోంచెయ్యడమేనని. సొరంగాలున్న దారులు వద్దనేవాడు, అవి కొండల్ని దొంగిలిస్తాయని. లొసాన్‌లో హోటలు పెద్దమనిషి పక్కనుంచి చెయ్యి చాపితే అందుకోలేదు. గర్వం అనుకుని ఆయన మొహం ముడుచుకుంటే నేనే సర్దిచెప్పాను. ఇక రాత్రి భోజనాలయ్యాక మ్యాపు పరుచుకుని మర్నాటి దారి అంతా కాగితం మీద గీసి, మలుపు మలుపూ పైకి చదివేవాడు. పాఠాలు చెప్పే అలవాటు పోలేదు పాపం అనుకుని నేను ఆవలించేదాన్ని. అతను పాఠం చెప్పడం లేదు. బట్టీపడుతున్నాడు.

"నన్ను అడగాల్సింది," అన్నాను.

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకోను."

"అందుకే అడగలేదు," అన్నాడు. తర్వాత నన్ను ఓదార్చాలనుకుని కాబోలు, ఈ మాట అన్నాడు. "భయపడాల్సిందేమీ లేదు మ్యూరీ. నువ్వు వెళ్లంటేనే వెళ్లాను, ఉండంటే ఉన్నాను. పదకొండు రోజుల్లో నీ మాట ఒక్కసారీ తప్పు కాలేదు."

మెచ్చుకోలుగానే అన్నాడు. నాకు మాత్రం అది మెచ్చుకోలుగా తగల్లేదు. ఎందుకంటే నేను ఆ మాట ఎలా అన్నానో నాకు తెలుసు. ఏదో నేను ఒక మాట అంటాను, ఆపైన అతనూ ఓసారి తొంగి చూసుకుంటాడు కదా అనుకునేదాన్ని. రైమ్స్ దాటాక రేగుపళ్లు తింటూ గింజ ఉమ్మడానికి తల బయటపెట్టి, పనిలో పనిగా 'వెళ్లు' అన్నాను. దిజాన్ దగ్గర పందుల లారీ వెనకాల కంపు భరించలేక 'వెళ్లు, వెళ్లు' అన్నాను. ఒకసారైతే కునుకు పట్టింది. లెన్ "ఏమంటావ్?" అనగానే ఉలిక్కిపడి, బడిపిల్లలా 'వెళ్లు' అనేశాను. మొగుడి మాటకి 'ఊఁ' కొట్టినట్టు అన్నానండీ. ఆ 'ఊఁ' పట్టుకుని ఇతను గంటకు అరవై మైళ్ల వేగంతో గుడ్డిగా ఎదురు రోడ్డులోకి వెళ్లిపోయాడు. ఒకసారి కాదు, రోజుకి ఇరవైసార్లు.

కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో ఏదీ సరిగ్గా రాలేదు. సత్రం ఆవిడ మరోలా అర్థం చేసుకుని నా ముందు ఇంకో కేకుముక్క పెట్టి వెళ్లింది.

ఆవిడే కాసేపటికి కిటికీ దగ్గర నిలబడి, ఇవాళ సాయంత్రానికి మంచు పడేలా ఉందని చెప్పింది. నాకు బళ్లో నేర్చుకున్న ఫ్రెంచి కొంచెం ఉంది. ఆవిడకీ అంతే ఉంది. మంచు పడితే రోడ్డుకి అడ్డకర్ర దించేస్తారట. సెప్టెంబరులో దించితే ఒక్కోసారి మర్నాడే ఎత్తుతారు, ఒక్కోసారి వారం పడుతుంది. నేను కిందికి బస్సు ఉందా అని అడిగాను. పోస్టు బస్సు సరస్సు ఊరి నుంచి ఎక్కి నాలుగింటికి ఇక్కడికి చేరుతుందని, అరగంట ఆగి తిరిగి దిగుతుందని చెప్పింది. గోడ గడియారంలో మూడు కావస్తోంది.

నేను తీర్పు చెప్పేశాను. మిడత ఇక్కడే ఉంటుంది. మనం బస్సులో దిగుతాం. దాన్ని తెప్పించుకునే ఏర్పాటేదో కింద ఊళ్లో చూసుకుందాం. సరస్సు బస్సు కిటికీలోంచి చూసినా సరస్సే. లెన్ అంతా విన్నాడు, సరేనన్నాడు. టాపు వేసి వస్తానని కోటు తొడుక్కున్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో నా మాటకి అంత త్వరగా సరే అన్నది ఎప్పుడో గుర్తుచేసుకుని ఉంటే అప్పుడే అనుమానం వచ్చి ఉండేది. నేను పెట్టెలు సర్దుకోవడంలో పడ్డాను.

ఇంజను చప్పుడు వినపడింది.

పెట్టె అక్కడే పడేసి పరుగెత్తాను. లెన్ స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు, చేతి తొడుగులు వేసుకుని, వీపు నిటారుగా. నా అడుగుల చప్పుడు విని తల తిప్పాడు.

"నువ్వు బస్సులో రా. నేను దీన్ని దించుకొస్తాను," అన్నాడు. "ముప్పై నాలుగు మలుపులు. అన్నీ కంఠతా వచ్చు. ఎంత మబ్బు కమ్మినా వెలుతురు ఇంకా గంటన్నరైనా ఉంటుంది. నెమ్మదిగా పోతాను."

"ఎడమవైపు ఎవరు చూస్తారు?"

"నువ్వు పక్కన ఉండకూడదనేగా ఒంటరిగా వెళ్తానంటున్నాను."

తాళంచెవి లాక్కోవచ్చు కదా అంటారు మీరు. నేనూ అదే అనుకున్నాను. ఎడమవైపు నుంచి వంగి చెయ్యి చాపాను. తాళంచెవికి జానెడు దూరం దాకా వెళ్లింది నా చెయ్యి. అతను నా మొహంకేసి చూస్తూ ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. తన ముందునుంచి చెయ్యి వెళ్తుంటే అతనికి తెలియలేదు. అక్కడ ఆగిపోయాను. చూపు లేనివాడి దగ్గర్నుంచి వాడికి తెలియకుండా తియ్యడం నావల్ల కాలేదు. ఆ క్షణంలో తీసి ఉండాల్సింది. ఇప్పటికీ అనుకుంటాను.

అతన్ని ఒంటరిగా పంపి బస్సులో కూర్చుంటే ఏమవుతుందో కూడా కనపడింది. ప్రతి మలుపులోనూ కిందికి తొంగి, లోయలో ఆకుపచ్చ రంగు ఏమైనా కనపడుతుందా అని వెతుక్కుంటూ దిగాలి. దానికన్నా ఎడమ సీటే నయం. తలుపు తీసి కూర్చున్నాను.

"నడక వేగం," అన్నాను. "నేను ఆపు అంటే ఎందుకని అడక్కుండా ఆపాలి. ఇవాళ నా నోట్లోంచి వచ్చే ప్రతి మాటా చూసి చెబుతాను."

"ఎప్పుడూ చూసే చెప్పావుగా," అన్నాడు. నేను తల బయటపెట్టి రోడ్డుకేసి చూశాను.

సత్రం పక్కన నీలం పలక మీద పసుపు బూర బొమ్మ ఉంది. దాని సంగతి లెన్ పైకి వచ్చేటప్పుడే చెప్పాడు. ఆ బొమ్మ ఉన్న రోడ్డు మీద పోస్టు బస్సుదే రాజ్యం. మలుపు ముందు మూడు స్వరాల హారన్ మోగిస్తుంది. ఎదురుపడిన బండి ఎవరిదైనా సరే, బస్సు డ్రైవరు పక్కకి పొమ్మంటే పోవాలి, వెనక్కి వెళ్లమంటే వెళ్లాలి. అది నాలుగింటికి పైకి చేరుతుందంటే మాకు దారిలోనే ఎదురవుతుంది. ఆ ముక్క బండి కదిలాక తట్టింది నాకు. వెడల్పు ఉన్నచోట ముందే ఆగి దానికి దారిచ్చేద్దామని లెన్ అన్నాడు. పదిహేనో మలుపు తర్వాత రాతి వంతెన ఉంది, దాని పక్కన జాగా ఉంది, మ్యాపులో చూశానన్నాడు.

దిగడం మొదలుపెట్టాం. అతను మలుపు అంకె చెప్పేవాడు, కుడికో ఎడమకో చెప్పేవాడు. నేను అవునో కాదో చెప్పి, ఆపైన రోడ్డు మీద ఉన్నదంతా చెప్పేదాన్ని. రాయి ఉంది, కుడికి జరుగు. ఆవుపేడ, పర్వాలేదు. అంచుకి దగ్గరవుతున్నావ్, నావైపు రా. రోడ్డు అంచున మోకాలెత్తు రాళ్లు పాతి ఉన్నాయి, రాయికీ రాయికీ మధ్య మిడత పట్టేంత సందు. ఆ సందుల్లోంచి కిందికి చూడకూడదని ఒట్టు పెట్టుకుని ప్రతి సందులోంచీ చూశాను. అతని నుదుటి మీద, ఆ చలిలో, చెమట.

తొమ్మిదో మలుపు దగ్గర చిన్న ప్రార్థనా మందిరం రావాలన్నాడు. వచ్చింది. పదకొండో దానికి జలపాతం రావాలన్నాడు. వచ్చింది. అతని అంకెలు ఒక్కటీ తప్పడం లేదు. పన్నెండో మలుపు తిరగ్గానే మబ్బు చీలి, అడుగున ఎక్కడో నీలంగా మెరిసింది. నేను ఆపు అన్నాను. ఎందుకని అడక్కుండా ఆపాడు. అతని గడ్డం పట్టుకుని తల కొంచెం ఎడమకి, కొంచెం కిందికి తిప్పాను, సరస్సు ఆ సాసరులో పడేదాకా. పడింది. నాకు తెలిసింది, ఎందుకంటే అతని గడ్డం నా వేళ్లలో వణికింది.

"సుద్దముక్క రంగు తప్పు," అన్నాడు. "అన్నేళ్లూ తప్పు రంగు వేశాను."

చెప్పొద్దూ, ఆ రెండు నిమిషాలు నాకు భయం లేదు. వచ్చి మంచిపనే చేశామనుకున్నాను. మొదటి మంచు రేకు అద్దం మీద పడేదాకా అనుకున్నాను.

పద్నాలుగో మలుపు తిరిగాం. ఎదురుగా పదిహేనో మలుపు లేదు. కొండ చరియ నుంచి సిమెంటు గోడ ఒకటి బయటికి వచ్చి ఉంది, దానికో నల్లటి నోరు.

"లెన్, సొరంగం."

"ఇక్కడ సొరంగం లేదు. తర్వాతి మలుపు ఎడమకి, ఆ తర్వాత వంతెన."

"ఉందంటున్నాను. ఆపు."

ఆపాడు. నోటికి ముందు కుడిపక్కన ఒక కారు పట్టే జాగా ఉంది. ఆ జాగా అవతల రాళ్లు కూడా పాతలేదు, గాలే ఉంది. నీ మ్యాపు ఏ సంవత్సరంది అని అడిగాను. యుద్ధం ముగిసిన మూడో ఏడు బడికోసం కొన్నదట. పద్దెనిమిదేళ్ల కిందటిది. ఈమధ్యనే మంచు చరియలకి అడ్డంగా రోడ్డు మీద పైకప్పు కట్టి, పాత వంతెన దారిని వదిలేశారన్నమాట. ఇలాంటి పొరపాటు భూగోళం మాస్టారే చెయ్యగలడు. కొండలు మారవు గనక మ్యాపు మారదనుకున్నాడు.

ఇప్పుడేం చెయ్యాలి. అక్కడే ఆగిపోతే మంచు పెద్దదవుతుంది, చీకటీ పడుతుంది. నేను బండి దిగి నోటి దాకా నడిచి లోపలికి తొంగి చూశాను. కొంచెం దూరంలో తెల్లటి వెలుతురు కనపడింది. పొట్టి సొరంగమే, అవతల చివర కనపడుతోంది. నూరు గజాలు దాటదు. అతన్ని తిన్నగా పట్టుకుంటే ఒక నిమిషంలో అవతల ఉంటాం. బస్సు వచ్చేలోపు దాటెయ్యొచ్చు. తిరిగి వచ్చి కూర్చున్నాను.

"ఏమంటావ్?" అన్నాడు లెన్.

"వెళ్లు," అన్నాను.

లైట్లు వేశాడు. నోరు మమ్మల్ని మింగింది. పది గజాలు వెళ్లామో లేదో అతని కాలు తడబడింది, బండి నడక తగ్గింది.

"మ్యూరీ, మొత్తం పోయింది," అన్నాడు. గొంతు ఎవరిదో పరాయివాడిదిలా ఉంది. "నీ మొహం కూడా లేదు."

నేను కుడిచెయ్యి చాపి స్టీరింగు పట్టుకున్నాను. చెయ్యి తియ్యమన్నాను. తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కాళ్లు అతనివి, చెయ్యి నాది, కళ్లు నావి. కొంచెం తొక్కు అన్నాను, తొక్కాడు. చాలు అన్నాను, వదిలాడు. గోడ నీళ్లు కారుతూ అతని మోచేతి పక్కనే జరుగుతోంది. తెల్లటి వెలుతురు దగ్గరికి వస్తోంది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటున్నాను. దగ్గరికి వచ్చింది. అది చివర కాదు. గోడకి వేలాడుతున్న దీపం. దాని దగ్గర సొరంగం ఎడమకి వంగింది. వంపు అవతల వెలుతురన్నదే లేదు.

ఆ రోజు మొదటిసారి చూసి చెప్పిన 'వెళ్లు' అది. రేగుపళ్లు తింటూ చెప్పినవన్నీ నిజమయ్యాయి. కళ్లు చించుకుని చూసి చెప్పింది తప్పింది.

అప్పుడు మోగింది. మూడు స్వరాలు, ఒకదాని మీద ఒకటి. సొరంగంలో అది ముందునుంచీ వచ్చింది, వెనకనుంచీ వచ్చింది, కప్పులోంచీ వచ్చింది.

"ఎటునుంచి?" అన్నాడు లెన్.

నేను ఆపు అని అరిచాను. వంపు తిరిగి రెండు పెద్ద లైట్లు మా మీదికి వచ్చాయి. బ్రేకుల కీచు చెవులు చిల్లులు పొడిచింది. పసుపురంగు బస్సు ముక్కు మా మిడత ముక్కుకి రెండు బారల దూరంలో ఆగింది. ఇంజను ఆవిరి వాసన నా మొహానికి కొట్టింది. బస్సు అద్దాల వెనక వరసగా మొహాలు, టోపీలు. ఒకావిడ చంటిబిడ్డని గుండెకి అదుముకుని నిలబడి ఉంది.

డ్రైవరు దిగాడు. బూడిదరంగు యూనిఫారం, చేతిలో టార్చి, తొందర లేని నడక. అందరిలాగే నా కిటికీ దగ్గరికి వచ్చాడు. తన భాషలో ఏదో అని, నా మొహం చూసి ఫ్రెంచిలోకి మారాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఇక్కడ రెండు బళ్లు పట్టవు, అరవై గజాలు వెనక్కి వెళ్లి నోటి దగ్గర పక్కకి ఆపండి మేడమ్, బస్సు వెళ్లాక దిగొచ్చు అన్నాడు. నా ముందు స్టీరింగు లేదని అప్పుడు గమనించాడు. టార్చి వెలుగు నా భుజం మీదినుంచి, చాచిన నా చేతి మీదుగా, స్టీరింగు పట్టుకున్న నా వేళ్ల దాకా మెల్లగా వెళ్లింది. అక్కడ కాసేపు ఆగింది.

లెన్ కలగజేసుకున్నాడు. నమస్కారం అన్నాడు, జేబులోంచి లైసెన్సు తీసి నావైపు కిటికీకేసి చాపాడు. డ్రైవరు బూట్ల చప్పుడు కాకుండా బండి ముందునుంచి చుట్టి అవతలి వైపుకి వెళ్లి, లెన్ చెవి పక్కనే నిలబడి, అందుకోవడానికి చెయ్యి చాపాడు. లెన్ ఆ కాగితాన్ని నా కిటికీ బయట ఎవరూ లేనివైపే చాపుతూనే ఉన్నాడు, చిరునవ్వు నవ్వుతూనే ఉన్నాడు. నా జన్మలో నేను చూసిన అన్నిటిలోకీ ఆ నవ్వే చూడలేకపోయాను.

డ్రైవరు లెన్ తల మీదుగా నాకేసి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. వెనక ముప్పై మంది ఉన్నవాడి చూపు అది.

"మేడమ్," అన్నాడు, "ఈ బండి నడుపుతున్నది ఎవరు?"

లెన్ నోరు తెరిచాడు. అతను నిజం చెప్పేస్తాడని నాకు తెలుసు. పిల్లల ముందు ముప్పై ఒక్క ఏళ్లు అబద్ధం ఆడనివాడు, నాకు ఒక్కదానికే ఆడినవాడు. చెప్పాడంటే కింద ఊళ్లో పోలీసులుంటారు, ఆ కాగితం లాక్కుంటారు, సరస్సు ఒడ్డున అతన్ని నేరస్తుడిలా నిలబెడతారు. అది నేను జరగనివ్వలేను. పైగా ఆలోచిస్తే, పదకొండు రోజులుగా నడుపుతున్నది ఎవరు?

"నేనే," అన్నాను.

డ్రైవరు తల ఊపాడు. నమ్మాడో లేదో ఆ మొహంలో తెలియలేదు. వెళ్లి లెన్ వైపు తలుపు తెరిచి పట్టుకుని, అతని మోచెయ్యి అందుకుని దింపాడు. ఖాళీ అయిన సీటు మీదికి టార్చి వేశాడు.

"అయితే వచ్చి కూర్చోండి మేడమ్. అరవై గజాలు, వెనక్కి. నేను వెనక నిలబడి దీపం చూపిస్తాను. నోటి దగ్గర జాగ్రత్త, అవతల రాళ్లు లేవు."

నేను దిగాను. బండి చుట్టూ నడిచాను. లెన్ గోడకి ఒక చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు, కారే నీళ్లలో అతని కోటు చెయ్యి తడిసిపోతోంది. నేను సీట్లో కూర్చున్నాను. అది ఇంకా అతని వెచ్చదనంతో ఉంది. బస్సులో చంటిబిడ్డ ఏడుపు మొదలుపెట్టింది. వెనక దూరంగా టార్చి ఒకసారి వెలిగి ఆరింది, రమ్మని.

లెన్ తడుముకుంటూ వచ్చి తలుపు అంచు పట్టుకున్నాడు. నా చెవి ఎక్కడుందో అంచనాగా వంగి, డ్రైవరుకి వినపడకుండా అన్నాడు.

"క్లచ్ ఎడమకాలికి మ్యూరీ. ఈసారి తియ్యకు."